కట్టుడు గోళ్ళు

మన తెలుగువాళ్ళ మాటల్లో గోటికి తక్కువ పలుకుబడి లేదు. గోటితో పోయేదానికి గొడ్డలి ఎందుకంటాం. కష్టం మీద కష్టం వచ్చిపడితే గోరుచుట్టు మీద రోకటిపోటంటాం. ఒకణ్ణి తీసిపారెయ్యాలంటే ఫలానావాడి కొనగోటికి చాలడంటాం. చిన్నదాన్ని పెద్దది చేసి చెప్పేవాళ్ళని గోరంతను కొండంత చేస్తారని ఎత్తిపొడుస్తాం. ఈ చివరి మాట ఇదివరకు నింద. ఈనాడది ఒక వృత్తి. గోరంతను నిజంగానే పెద్దది చేసేవాళ్ళున్నారు. వాళ్ళకి జీతాలిచ్చే పార్లర్లున్నాయి. ముందుగా ఫోను చేసి వేళ కుదుర్చుకుని మరీ వెళ్ళి, రెండేసి గంటలు చెయ్యి చాపుకు కూర్చునేవాళ్ళున్నారు.

దీన్ని నెయిల్ ఎక్స్‌టెన్షన్ అంటారు. అంటే వున్న గోటికి పొడుగు తగిలించడమన్నమాట. అందులో రకాలున్నాయి. దీపం కింద పెట్టి ఆరబెట్టే జెల్ ఒకటి. దీపంతో పని లేకుండా గాలికే గట్టిపడే అక్రిలిక్ ఒకటి. అక్రిలిక్ పాతదీ, గట్టిదీ, చేతికి లొంగడం కష్టమయినదీనూ. ఆషాఢంలో గోరింటాకు పెట్టుకుంటే చాలుననుకున్న ఇళ్ళల్లోనే ఇప్పుడు పెళ్ళికీ, పుట్టినరోజుకీ ఈ గోళ్ళు కావాలంటున్నారు.

మా అన్నయ్య కూతురు నిరుడు ఈ పని నేర్చుకుని, విజయవాడలో గవర్నరుపేట సందులో వున్న ఒక చిన్న పార్లరులో చేరింది. ఇంట్లో కొంత రభస జరిగింది. "డిగ్రీ దాకా చదివించింది ఒకళ్ళ గోళ్ళు గియ్యడానికా?" అన్నాడు మా అన్నయ్య. నేను ముప్ఫయ్యేళ్ళు ఆడపిల్లలకి కుట్టుపని నేర్పి రిటైరయినదాన్ని. వేళ్ళతో చేసే పనిని చులకనగా చూడడం నా వల్ల కాదు. పైగా, నేర్చుకునే పిల్లకి సాధనకి చేతులు కావాలి. ప్లాస్టిక్ చెయ్యి ఒకటి కొనుక్కుంది గాని, ప్లాస్టిక్ చేతికి చెమట పట్టదు, మంట పుట్టదు, "అబ్బా" అనదు. అంచేత ఆరు నెలలపాటు, వారానికొక వేలు చొప్పున, నా ఎడమచెయ్యి ఆమె బల్ల మీద వుంది. పని పట్టుబడడాన్ని అంత దగ్గరనుంచి చూసే అవకాశం అందరికీ దొరకదు గనక, చూసినదీ తెలుసుకున్నదీ ఇక్కడ చెబుతున్నాను.

పళ్ళ డాక్టరు గదిలో

ఈ గోళ్ళ పుట్టిల్లు అలంకారశాల అనుకుంటాం. కాదు, పళ్ళ డాక్టరు గది. గాజులాగా వుండి గాజులా పగలని అక్రిలిక్ ప్లాస్టిక్కు 1930లలో బజారులోకి వచ్చింది. 1940లనాటికి కట్టుడుపళ్ళ చిగుళ్ళు దానితో చేయడం మొదలయింది. మన తాతగార్లు రాత్రిపూట గ్లాసు నీళ్ళలో పెట్టుకున్న పలువరస ఆ సరుకే. 1954లో అమెరికాలో ఫ్రెడ్ స్లాక్ అనే పళ్ళ డాక్టరుకి పనిలో వుండగా గోరు విరిగింది. గోరు పెరిగేదాకా ఆగడమెందుకని తన దగ్గరున్న సరుకుతోనే ఒక గోరు తయారుచేసుకున్నాడు. తరవాత సోదరుడు టామ్‌తో కలిసి దాన్ని బాగుచేసి, ఒక వ్యాపారమే పెట్టాడు. కట్టుడుపళ్ళకీ కట్టుడుగోళ్ళకీ చుట్టరికం అల్లా కలిసింది. ఈ చుట్టరికాన్ని పాఠకులు కాస్త గుర్తుంచుకోవాలి. ముందు దానితో పనివుంది.

ఆ తరవాత ఇది ఎందరికో బతుకుతెరువయింది. 1975లో వియత్నాం యుద్ధం ముగిశాక కాలిఫోర్నియాలో సాక్రమెంటో దగ్గర ఒక శరణార్థుల శిబిరం వెలిసింది. హిచ్‌కాక్ తీసిన 'ది బర్డ్స్' చిత్రంలో నాయిక టిప్పీ హెడ్రెన్ అక్కడికి సాయానికి వెళుతూండేది. భాష రాని ఆ స్త్రీలకి ఏ పని నేర్పించాలా అని ఆమె ఆలోచిస్తూంటే, వాళ్ళ చూపంతా ఆమె గోళ్ళ మీదే వుందట. తన గోళ్ళు తీర్చే ఆవిణ్ణి పిలిపించి, ఓ ఇరవైమంది చేత ఆ పని నేర్పించింది. వాళ్ళు మరొకరికి, వాళ్ళు ఇంకొకరికి నేర్పారు. ఈనాడు అమెరికాలో గోళ్ళ పనిచేసేవారిలో చాలా పెద్ద భాగం వియత్నాం సంతతివారే. ఈ కథ మా అన్నయ్యకి చెప్పాను. ఆయన మాట్లాడలేదు గాని, మర్నాటినుంచి కూతుర్ని స్కూటరు మీద దింపి వస్తున్నాడు.

విడిపూలూ దండా

బల్ల మీద సరుకు చూస్తే ఏముంది? మూత వున్న చిన్న గాజుగిన్నెలో నీళ్ళలాటి ద్రవం, డబ్బాలో ముగ్గుపిండిలాటి పొడి, ఒక బ్రష్షు. ద్రవాన్ని మోనోమర్ అంటారు. మంచి కంపెనీ సరుకయితే అందులో ముఖ్యంగా వుండేది ఇథైల్ మెథాక్రిలేట్. పొడి అప్పటికే గట్టిపడిన అక్రిలిక్‌కి సన్నని రవ్వ. అందులో బెంజాయిల్ పెరాక్సైడ్ అనే దినుసు కొద్దిగా కలిపి వుంటుంది. బ్రష్షుని ద్రవంలో ముంచి, కొన పొడికి తాకించగానే చిన్న ముత్యమంత ముద్ద అంటుకు వస్తుంది. దాన్ని బీడ్ అంటారు. ఆ క్షణంనుంచీ పెరాక్సైడు పని మొదలుపెడుతుంది. ద్రవంలోని విడివిడి అణువులు ఒకదాని చెయ్యి ఒకటి పట్టుకుని, విడిపూలు దండ అయినట్టు, గొలుసులు కడతాయి. కొంచెం వేడి పుడుతుంది. కొద్ది నిమిషాల్లో, బ్రష్షు కాడతో తడితే టక్కుమని మోగేటంత గట్టిపడుతుంది. లోలోపల ఆ కట్టుడు పని మాత్రం మర్నాటిదాకా సాగుతూనే వుంటుంది.

చెప్పడానికి ఇంతే. చెయ్యడానికి వచ్చేటప్పటికి మా పిల్ల మొదటి గోళ్ళు ఎలా వున్నాయంటే, వేళ్ళ చివర చింతగింజలు అతికించినట్టున్నాయి. పది గోళ్ళకీ నాలుగు గంటలు పట్టింది. నాలుగోనాటికి రెండు ఊడాయి. ఆ వారం ముగ్గురు చేయించుకుంటే ముగ్గురూ తిరిగి వచ్చారు. పార్లరు యజమానురాలు అరవలేదు గాని, తిరిగి చేసినందుకు డబ్బు రాదు గదా, ఆ సరుకు ఖరీదు జీతంలో తగ్గించింది.

ఆ పార్లరులో పదేళ్ళుగా ఆ పనే చేస్తున్న ఆవిడ ఒకావిడ వుండేది. మితభాషి. కన్నీళ్ళు పెట్టుకున్న పిల్లతో ఆవిడ అన్నది ఒకటే మాట: "ఊడిన గోరు పారెయ్యకు. తిరగేసి చూడు."

కుట్టుపనిలో మేమూ పిల్లలకి చెప్పేది అదే. జాకెట్టు బాగుందో లేదో లోపలివైపు చూస్తే తెలుస్తుంది. మా మేనకోడలు పాత బొట్టుబిళ్ళల డబ్బా ఒకటి తీసుకుని ఊడినవన్నీ దాచడం మొదలుపెట్టింది. ఒక నోటుపుస్తకంలో తారీఖు, ఆనాటి ఎండా వానా, ఎన్నాళ్ళు నిలిచింది, ఎక్కడ విడిచింది, అన్నీ రాసింది. నెల తిరిగేటప్పటికి ఆ పుస్తకమే ఆమెకి పంతులయింది.

వాకిలి ఊడ్చి ముగ్గు

పుస్తకం చెప్పిన మొదటి పాఠం: మొదలు దగ్గర లేచిపోయిన గోళ్ళన్నిటికీ లోపలివైపు సన్నని పొర అంటుకుని వుంది. గోటి మొదట్లో చర్మం ఒక అంచులా వుంటుంది. అది బతికిన చర్మం, గోరు పుట్టేచోటికి కావలి. దాన్ని కత్తిరించకూడదు. దాని కిందనుంచి గోటిని పట్టుకుని పాకివచ్చే, కంటికి సరిగా ఆనని చచ్చిన పొర వేరే వుంది. అసలు క్యూటికల్ అదే. దాన్ని మెల్లిగా గీకి తియ్యకపోతే అక్రిలిక్ గోటిని పట్టుకోదు, పొరని పట్టుకుంటుంది. పొర రాలితే అదీ లేస్తుంది.

చేతులు కడిగించడం, ఆ పొర తియ్యడం, గోటి మెరుపు పోయేదాకా మాత్రమే సన్నని ఫైలుతో రెండు మూడు సార్లు పామడం, దుమ్ము తుడవడం, జిడ్డూ చెమ్మా పోయే మందు రాయడం, ప్రైమరు చుక్క ఒక్కటి గోటికి తప్ప చర్మానికి తగలకుండా పెట్టడం. ఇంతా అయితే గాని బీడ్ జోలికి పోకూడదు. మొదట్లో ఈ పనంతా ఆమె పది నిమిషాల్లో ముగించేది. ఇప్పుడు అరగంట పడుతుంది. అయినా మొత్తం పని రెండు గంటల లోపల అవుతోంది. వాకిలి సరిగా ఊడ్చినవాళ్ళకి ముగ్గు త్వరగా పడుతుంది గదా.

ఇక్కడ ఒక హెచ్చరిక. గోరు ఎంత గరుకయితే అంత బాగా పట్టుతుందని కొందరు బరక ఫైలుతోనూ, డ్రిల్లుతోనూ తెగ అరగదీస్తారు. మన గోటి మందమే సుమారు అర మిల్లీమీటరు. అందులో సగం తీసేస్తే మిగిలేది ఉల్లిపొర. ఎక్స్‌టెన్షన్ వల్ల గోరు పాడయిందని చెప్పేవాళ్ళలో చాలామంది గోళ్ళు నిజానికి ఫైలు వల్ల పాడయినవి.

పాకం కుదరాలి

రెండో పాఠం ద్రవమూ పొడీ పాళ్ళు. అరిసెలు వండినవారికి వేరే చెప్పనక్కరలేదు. పాకం లేతదయితే అరిసె విడిపోతుంది, ముదిరితే రాయవుతుంది. ఇక్కడా అంతే. మామూలుగా పొడి ఒక పాలుకి ద్రవం ఒకటిన్నర పాలు. కాని గిన్నెలతో కొలిచే వ్యవహారం కాదు. బ్రష్షుని ఎంత ముంచాం, గిన్నె అంచుకి ఎంత వొత్తి పిండాం, పొడి మీద ఎన్ని క్షణాలు ఆనించాం, ఈ మూడే కొలతలు.

పరీక్ష ఒకటుంది. బీడ్‌ని కాగితం తువాలు మీద పెట్టి చూడాలి. చుట్టూ తడి వెడల్పుగా పాకితే ద్రవం ఎక్కువయింది. గుండ్రంగా నిలబడి, మంచు పట్టిన ముత్యంలా మెల్లిగా నునుపెక్కితే పాకం కుదిరింది. పైన పొడి పొడిగా గింజలు కనిపిస్తే ముదిరింది. మా పిల్ల రాత్రి భోజనాలయ్యాక వరండాలో కూర్చుని, పాలిథిన్ కాగితం మీద వరసలు వరసలుగా బీడ్లు పెట్టేది. "ఇదేమిటే, వడియాలు పెడుతున్నావా?" అని వాళ్ళ నాయనమ్మ అడిగింది.

విజయవాడ ఎండ సంగతి తెలుసుగా. మే నెలలో కరెంటు పోయిందంటే బీడ్ చూస్తూండగానే గట్టిపడి, సర్దేందుకు వ్యవధి వుండదు. అదే ఏసీ గాలి నేరుగా తగిలేచోట కూర్చుంటే ఎంతకీ గట్టిపడక జారిపోతుంది. పుస్తకంలో ఎండావానా రాసుకున్నది ఇందుకే. గోళ్ళు ఊడిన రోజులూ, ఆమె ఏసీ కిందికి బల్ల జరిపిన రోజులూ ఒకటేనని అది బయటపెట్టింది. బల్లని గోడవారకి మార్చేటప్పటికి సగం చిక్కు విడిపోయింది.

పల్లకి బొంగు

మూడో పాఠం ఎక్కడ ఎంత పెట్టాలన్నది. మూడు బీడ్లతో గోరు కట్టడం మామూలు పద్ధతి. మొదటిది పొడుగు తగిలించిన కొనకి. రెండోది నడుమ, అంటే గోరు వేలి కండని వదిలిపెట్టే చోట. మూడోది అన్నిటికన్నా చిన్నది, మొదలు దగ్గర. పక్కనుంచి చూస్తే పల్లకి బొంగులా నడుమ కొద్దిగా వంపు లేచివుండాలి. దాన్ని అపెక్స్ అంటారు. బరువంతా మోసేది అదే. కొన ఏటీఎం కార్డు మందం మించకూడదు. మొదలు దగ్గర ఎంత పలచగా వుండాలంటే, వేలితో తడిమితే సొంత గోరు ఎక్కడ ఆగింది, కట్టిన గోరు ఎక్కడ మొదలయింది తెలియకూడదు.

కొత్తవాళ్ళు సరిగ్గా దీనికి తలకిందులుగా చేస్తారు. విరుగుతుందనే భయంతో కొన లావు చేస్తారు. ఊడుతుందనే భయంతో మొదలు లావు చేసి, చర్మం మీదికి కూడా పోస్తారు. తరవాత ఆ లావంతా ఫైలుతో అరగదీస్తూ గంటసేపు దుమ్ము మింగుతారు. సీనియరావిడ దీనికి చేసిన వైద్యం తమాషాగా వుంది. ఒకనాడు ఫైళ్ళన్నీ తీసి సొరుగులో పెట్టి తాళం వేసి, "ఈ వేళ బ్రష్షుతోనే అందం తీసుకురా" అందట. ఆనాటి గోరు నా చూపుడువేలికే దక్కింది. వంకర టింకరే గాని, మొదటిసారి అది గోరులా వుంది. మూడు వారాలు కదలలేదు.

మొదలు దగ్గర చర్మానికీ అక్రిలిక్‌కీ నడుమ వెంట్రుకవాసి ఎడం వదలాలని చెబుతారు. చర్మానికి తగిలితే, చర్మం నూనె వల్ల అక్కడ లేస్తుంది. లేచిన సందులోకి నీళ్ళు దిగుతాయి. "అత్తా, కదలకు. ఊపిరి కూడా మెల్లిగా తియ్యి" అనేది ఆ మూడో బీడ్ పెట్టేటప్పుడు. బ్రష్షు కొనతో ఆ ముద్దని చర్మం దాకా తోసి, సరిగ్గా అంచున ఆపడం చూస్తూంటే నాకు కాజా కుట్టేటప్పుడు సూది ఆపే చోటు జ్ఞాపకం వచ్చేది.

మరి ఇంత బాగా చేసినా రెండు మూడు వారాలకి మళ్ళీ ఎందుకు వెళ్ళాలి? డబ్బు గుంజడానికి కాదు. గోరు నెలకి సుమారు 3 మిల్లీమీటర్లు పెరుగుతుంది. గోటితోబాటు మనం కట్టిన వంపు కూడా ముందుకి నడుస్తుంది. నడుమ వుండవలసిన బలం కొనకి పోతుంది. అప్పుడు ఏ తలుపుగొళ్ళేనికో తగిలితే, లాగుడు సొంత గోటి మీద పడి, అది కండలోంచి చీలే ప్రమాదం వుంది. రీఫిల్ అంటే కొత్తగా పెరిగిన ఖాళీ నింపడమే కాదు, వంపుని మళ్ళీ దాని చోటుకి తీసుకురావడం.

సీసా మీద చీటీ

పని చక్కబడుతున్న రోజుల్లో ఒక సంగతి జరిగింది. సీనియరావిడ వేళ్ళ చివరలు ఎప్పుడూ పగిలి ఎర్రగా వుండేవి. సబ్బు పడడం లేదనుకునేది. తరవాత కనురెప్పలు వాచడం మొదలుపెట్టాయి. చర్మవైద్యుడు వీపు మీద పట్టీలు అంటించి పరీక్ష చేశాడు. మెథాక్రిలేట్లు ఆవిడ ఒంటికి సరిపడవని తేలింది. మందులతో వాపు తగ్గుతుంది గాని, ఈ పని మానితే తప్ప పూర్తిగా పోదన్నాడు. పదేళ్ళు చేసిన పని ఆవిడ ఒక్క రోజులో మానుకుంది. ఇప్పుడు పెళ్ళిళ్ళలో చీరలు కట్టే పనికి వెళుతోంది.

ఆ రాత్రి మా మేనకోడలు ఫోనులో చాలాసేపు మాట్లాడలేదు. "నాకూ అంతేనా అత్తా?" అంది చివరికి.

ఈ ప్రశ్నకి జవాబు తెలుసుకోవడం అవసరమయింది. తెలిసినది ఇది. గట్టిపడిన అక్రిలిక్ దాదాపు అపాయం లేనిది. గట్టిపడని ద్రవమూ, సగం గట్టిపడిన ముద్దా, తాజాగా గట్టిపడిన గోటిని అరగదీసిన దుమ్మూ, ఇవి మాటిమాటికీ చర్మానికి తగిలితే కొందరి ఒళ్ళు వాటిని శత్రువులుగా గుర్తుపెట్టుకుంటుంది. ఒకసారి గుర్తుపెట్టుకుందా, సామాన్యంగా జన్మంతా మరిచిపోదు. చేసేవాళ్ళకే కాదు, చేయించుకునేవాళ్ళకీ రావచ్చు. ఇంట్లో సొంతంగా చేసుకునే పెట్టెలు కొనేవారికీ రావచ్చు. 2018లో బ్రిటన్‌లోని చర్మవైద్యుల సంఘం ఈ విషయమై ప్రజలని బాహాటంగానే హెచ్చరించింది.

ఇందాక చెప్పిన చుట్టరికం ఇప్పుడు గుర్తుచేసుకోండి. ఈ కుటుంబానికి చెందిన పదార్థాలే పళ్ళలో నింపే సిమెంటులోనూ, మోకాలికీ తుంటికీ కృత్రిమ కీళ్ళు అమర్చేటప్పుడు ఎముకకి పట్టించే సిమెంటులోనూ వున్నాయి. చక్కెర వ్యాధివారు చేతికి అంటించుకునే కొన్ని యంత్రాల జిగురులోనూ వున్నాయి. ఇరవయ్యేళ్ళప్పుడు గోటి ముచ్చటకి తెచ్చుకున్న ఎలర్జీ అరవయ్యేళ్ళకి మోకాలి ఆపరేషను దగ్గర అడ్డురావచ్చు. అల్లా వచ్చినవారు పళ్ళ డాక్టరుకీ, సర్జనుకీ ముందే చెప్పి తీరాలి.

ఆ వెంట్రుకవాసి ఎడం మాట అప్పుడు నాకు వేరే విధంగా అర్థమయింది. చర్మానికి తగలకుండా పెట్టినందువల్ల గోరు అందంగా వుంటుంది, లేవదు, ఎలర్జీ కూడా దగ్గరికి రాదు. పాకం కుదిరితే గోరు గట్టిగా వుంటుంది, గట్టిపడని ద్రవం మిగిలిపోదు. బ్రష్షుతోనే ఆకారం తెస్తే పని త్వరగా అవుతుంది, దుమ్ము తగ్గుతుంది. ఈ పనిలో అందానికీ ఆరోగ్యానికీ వేరు వేరు పాఠాలు లేవు.

మా పిల్ల పని మానలేదు, పద్ధతి మార్చింది. నైట్రైల్ తొడుగులు వేసుకుని, తరచు మార్చుకుంటుంది. గిన్నెకి మూత పెడుతుంది. తడి కాగితాలు మూత వున్న బుట్టలోనే వేస్తుంది. ముక్కుకి గుడ్డ కట్టుకుంటే ఆవిరి ఆగదు, ఏసీ వున్న గాలినే తిప్పుతుంది గాని వాసన బయటికి పంపదు. అంచేత కిటికీకి బయటికి లాగే ఫ్యాను పెట్టించమని అడిగి పెట్టించింది.

సీసా విషయం అంత సులువుగా తేలలేదు. పార్లరుకి వచ్చే ద్రవం చీటీ లేని సీసాలో వచ్చేది. వాసన ఘాటు. దానితో చేసిన గోరు రాయిలా వుండి, అసిటోన్‌లో గంట నానినా కరిగేది కాదు. ఇవి మిథైల్ మెథాక్రిలేట్ లక్షణాలు. పేరులో ఒక్క అక్షరం తేడాలా వుంటుంది గాని, గుణంలో చాలా తేడా. చవక గనక కొందరు అది అమ్ముతారు. గోరు ఎక్కడయినా ఇరుక్కుంటే కట్టిన గోరు విరగదు, దానితోబాటు సొంత గోరే లేచివస్తుంది. 1970లలో అమెరికాలో ఫిర్యాదులు వచ్చి, ఆ దేశపు ఆహార, ఔషధ శాఖవారు నూటికి నూరు పాళ్ళూ ఆ ద్రవమే వున్న సరుకుని కోర్టుకెక్కి మరీ బజారునుంచి తీయించారు.

"ఇందులో ఏముందో సీసా మీద రాసివుండాలి గదండీ" అని మా పిల్ల అడిగితే, "ఇన్నాళ్ళూ ఎవరికేమయింది?" అంది యజమానురాలు. జవాబుగా, పని మానుకున్న ఆవిడ ఖాళీ కుర్చీ అక్కడే వుంది. పిల్ల ఇంకేమీ అనలేదు. మొదటి తారీఖున తన జీతంలోంచి చీటీ వున్న సీసా కొనుక్కుని బల్ల మీద పెట్టుకుంది. రెండు నెలలు అలాగే నడిచింది. వచ్చేవాళ్ళు "ఆ సీసాతోనే చెయ్యండి" అనడం మొదలుపెట్టారు. మూడో నెలనుంచి పార్లరుకంతా అదే సీసా వస్తోంది. యజమానురాలు లాభం చూసి మార్చిందో, భయపడి మార్చిందో, మాకు తెలియదు. మార్చింది, అది చాలు.

పదో వేలు

మాఘమాసంలో పెళ్ళిళ్ళ రద్దీలో ఒక పెళ్ళికూతురు తల్లితో వచ్చింది. మర్నాడే పెళ్ళి. వేరే చోట అయిదు వారాల క్రితం చేయించుకున్న గోళ్ళు. వాటి మీదనే కొత్తగా నింపి, రంగు వెయ్యాలి. ఉంగరపువేలి గోరు ఒక పక్క లేచివుంది. దాని కింద పచ్చని మచ్చ.

అది బూజు అనుకుంటారు గాని, సామాన్యంగా సూడోమోనాస్ అనే బాక్టీరియా వల్ల వచ్చే పచ్చదనం. లేచిన సందులో చెమ్మ నిలిచిన చోట పెరుగుతుంది. దాని మీద మళ్ళీ కప్పితే లోపల ఇంకా పెరుగుతుంది. ఆరు నెలల కిందటయితే మా పిల్ల ఏం చేసేదో గాని, ఆ రోజు బ్రష్షు కింద పెట్టింది. ఆ గోరుని అసిటోన్‌లో నానబెట్టి, ఊడబెరక్కుండా మెల్లిగా తీసింది. ఆ వేలు పొడిగా వుంచుకుని డాక్టరుకి చూపించమంది. మిగిలిన తొమ్మిదీ చేస్తానంది.

"రేపు పెళ్ళి పెట్టుకుని ఒక వేలు బోసిగా వుంచుతావా?" అని తల్లి కోప్పడింది.

"తలంబ్రాలు పోసేటప్పుడు ఎవరూ వేళ్ళు లెక్కపెట్టరండీ" అంది మా పిల్ల.

ఆవిడ తొమ్మిది వేళ్ళకే లెక్క కట్టి డబ్బిచ్చి వెళ్ళింది. పెళ్ళికూతురు మాత్రం రెండు నెలల తరవాత ఒక్కతే వచ్చి, చక్కగా పెరుగుతున్న ఆ గోరు చూపించి పోయింది. నోటుపుస్తకంలో ఆ పుట కింద ఎర్ర సిరాతో గీత వుంది.

చేయించుకునేవారికి

మీ ఇంట్లో ఎవరయినా ఈ గోళ్ళు చేయించుకోదలిస్తే, వద్దని పోట్లాడనక్కరలేదు. కొన్ని సంగతులు చెబితే చాలు. గోటి చుట్టూ దురద, మంట, ఎరుపు వస్తే కొత్త రంగు వేయించుకోకుండా చర్మవైద్యుడి దగ్గరికి వెళ్ళాలి. లేచిన గోటిని పళ్ళతోనూ, పిన్నుతోనూ లాగకూడదు. అట్లా లాగితే సొంత గోటి పొరలు కూడా లేచివస్తాయి. తీయించుకోవడానికి అసిటోన్‌లో ఇరవై, ముప్ఫయి నిమిషాలు ఓపిక పట్టాలి. అసిటోన్ భగ్గుమని అంటుకునే సరుకు, కట్టుడు గోరూ మంటకి అంటుకుంటుంది. పొయ్యి ముందు పనిచేసేటప్పుడు ఆ వేళ్ళు మంటకి దూరంగా వుండాలి. ఆస్పత్రిలో రోగుల్ని ముట్టుకుని పనిచేసేవారికి కట్టుడుగోళ్ళు తగవని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లోనే చెప్పింది, వాటి కింద క్రిములు చేరతాయి గనక. నర్సు పిల్లలు వస్తే మా మేనకోడలు రంగు వేయకుండా గోళ్ళు శుభ్రం చేసి పంపుతుంది.

ఆఖరిది ముఖ్యమయినది. కుర్చీలో కూర్చోగానే, సీసాలో ఏముందో చీటీ చూపించమని అడగండి. చిరాకు పడితే లేచి రండి. ఆ ప్రశ్న అడిగినందుకు సంతోషించి, సీసా మీ చేతికిచ్చి, చీటీ తనే చదివి చెప్పే పిల్ల దొరికితే, చెయ్యి నిశ్చింతగా ఆమె బల్ల మీద పెట్టండి.